గీత అవతల పన్ను తక్కువ

సైనిక్‌పురి (మా విలేఖరి): కీసర, ఘట్‌కేసర్, శామీర్‌పేట వైపు పల్లెల నుంచి టిఫిన్ డబ్బా పట్టుకుని పొద్దున్నే ఇ.సి.ఐ.ఎల్. చౌరస్తాలో బస్సు దిగే మనుషులు ఎందరో ఉన్నారు. అక్కడి నుంచి కొందరు కుషాయిగూడ షెడ్లకు, కొందరు చర్లపల్లి ఫ్యాక్టరీలకు, మరికొందరు సైనిక్‌పురి దుకాణాలకు పనికి పోతారు. తాము పనిచేసే షెడ్డు వచ్చే ఏడు కూడా ఇక్కడే ఉంటుందా, లేక మరో ఊరికి తరలిపోతుందా అన్నది యజమాని ఇష్టమేనని వీరిలో చాలామంది అనుకుంటారు. అది సగం నిజం. మిగిలిన సగం ఎక్కడో సచివాలయంలో టైపయ్యే పన్ను ఉత్తర్వులో ఉంటుంది.

పన్ను పేరు వినగానే పేజీ తిప్పేయడం మనకు అలవాటు. అయితే గడచిన యాభై ఏళ్లలో మన జిల్లా యువకులకు పని దొరికిన చోటు, దొరకకుండా పోయిన చోటు చూస్తే వాటి వెనుక ఈ పన్నుల చేయి కనిపిస్తుంది.

క్యాంటీన్ ముందు కిరాణా కొట్టు

ముందు చిన్న విషయం చెప్పుకుందాం. సైనిక్‌పురి పేరులోనే ఉన్నట్లు ఇది సైనికాధికారులు రిటైరయ్యాక ఇళ్లు కట్టుకున్న కాలనీ. మాజీ సైనికుల కుటుంబాలు నేటికీ చుట్టుపక్కల అనేకం. వీరికి సైనిక క్యాంటీన్ కార్డు ఉంటుంది. క్యాంటీన్‌లో సరుకు బజారు కంటే చౌక. పెద్దఎత్తున కొనడం ఒక కారణం. రెండో కారణం పన్ను. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పటి నుంచి క్యాంటీన్ శాఖ తాను కొన్న సరుకు మీద కట్టిన పన్నులో సగం వాపసు పొందుతుంది. వస్తువు మీద 18 రూపాయల పన్ను ఉంటే 9 రూపాయలు తిరిగి వస్తాయన్న మాట.

ఎదురుగా కొట్టు పెట్టిన వర్తకుడు ఎంత తెలివిగలవాడైనా ఆ 9 రూపాయలు ఎక్కడి నుంచి తెస్తాడు? కార్డున్న ఇంటికి అతడు మిక్సీ అమ్మలేడు. కొత్తిమీర, పాలప్యాకెట్ అమ్ముకోగలడు. దేశం కోసం సరిహద్దులో కాపలా కాసినవారికి ఇచ్చిన సౌకర్యం గనుక దీని మీద ఎవరికీ ఫిర్యాదు లేదు, ఉండకూడదు కూడా. చెప్పదలచుకున్నది వేరు. ఒకే వీధిలో ఒకే వస్తువుకు రెండు రకాల పన్ను ఉంటే ఎవరి బేరం నిలుస్తుందో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మన జిల్లాలో లేదు.

ఇక కొట్టు వదలి షెడ్ల దగ్గరకు పోదాం.

బీబీనగర్ ఎందుకు పెరిగింది?

ఇ.సి.ఐ.ఎల్. 1967 ఏప్రిల్‌లో ఏర్పడింది. దాని వ్యవస్థాపకుడు ఎ.ఎస్. రావు పేరనే పక్కన కాలనీ వెలిసింది. ఆ తరువాత అణు ఇంధన సంస్థ వచ్చింది. ఈ పెద్ద సంస్థలకు నట్లు, బోల్టులు, రేకు పెట్టెలు, వైండింగ్ పనులు చేసిపెట్టే చిన్న పరిశ్రమలు కుషాయిగూడ, చర్లపల్లి వాడలలో పుట్టుకొచ్చాయి. లేత్ మిషన్ నేర్చుకున్న పల్లెటూరి కుర్రవాడికి అప్పట్లో ఇదే కాశీ.

ఇంత అనుకూలమైన చోటు ఉండగా చాలామంది పారిశ్రామికులు నగరం వదలి మరికొంత దూరం పోయి పటాన్‌చెరు, కొత్తూరు, బీబీనగర్, చౌటుప్పల్‌లలో ఫ్యాక్టరీలు పెట్టారు. ఎందుకు? ఆనాటి జిల్లాల పటం తీసి చూడండి. పటాన్‌చెరు మెదక్ జిల్లా. కొత్తూరు మహబూబ్‌నగర్ జిల్లా. బీబీనగర్, చౌటుప్పల్ నల్లగొండ జిల్లా. నాలుగూ నగరానికి దగ్గరే, కానీ నాలుగూ జిల్లా గీతకు అవతలి వైపు.

ఆ గీత విలువ ఇది: వెనుకబడిన జిల్లాలలో పరిశ్రమ పెట్టినవారికి కేంద్ర ప్రభుత్వం 1971లో పెట్టుబడి సబ్సిడీ పథకం ప్రారంభించింది. 1973లో దానిని 15 శాతం చేసింది. అంటే 10 లక్షలతో ఫ్యాక్టరీ కడితే లక్షన్నర ప్రభుత్వమే ఇస్తుంది. దానికి తోడు ఆదాయపు పన్నులో తగ్గింపు. మెదక్, మహబూబ్‌నగర్, నల్లగొండ వెనుకబడిన జాబితాలో ఉన్నాయి. హైదరాబాద్ జిల్లా లేదు. ఘట్‌కేసర్ దాటి కాస్త ముందుకు పోతే సబ్సిడీ, ఘట్‌కేసర్ ఇవతల ఆగితే సున్నా. వ్యాపారం తెలిసినవాడు ఎక్కడ ఆగుతాడో చెప్పనక్కరలేదు.

ఈ కేంద్ర సబ్సిడీ 1988లో ఆగింది గాని అప్పటికే రాష్ట్రాలు మరో ఆట నేర్చుకున్నాయి. అమ్మకపు పన్ను రాష్ట్రాల చేతిలో ఉండేది. కొత్తగా వచ్చే పరిశ్రమకు కొన్నేళ్లపాటు ఆ పన్ను మాఫీ చేయడం ఒక పద్ధతి. వసూలు చేసిన పన్నును యజమానే వాడుకుని ఏళ్ల తరువాత తీరిగ్గా కట్టుకొమ్మనడం రెండో పద్ధతి. దీనినే పన్ను వాయిదా అన్నారు. వడ్డీ లేని అప్పుకు ఇది మరో పేరు.

ఇక్కడ పాత షెడ్లకు దెబ్బ తగిలింది. రాయితీ అంతా కొత్తవారికే. పదిహేనేళ్లుగా ఒకే చోట నడుస్తూ, క్రమం తప్పక పన్ను కడుతున్న చర్లపల్లి షెడ్డు తయారుచేసిన సామానుకు పన్ను ఉంటుంది. నిన్నగాక మొన్న గీత అవతల మొదలైన ఫ్యాక్టరీ సామానుకు ఉండదు. బజారులో రెండూ పక్కపక్కనే పెడితే ఏది అమ్ముడుపోతుంది? అప్పులు తెచ్చుకోగలిగినవారు అవతల కొత్త పేరుతో మరో ఫ్యాక్టరీ పెట్టుకున్నారు, పాత షెడ్డు క్రమేణా గోదాముగా మారింది. తెచ్చుకోలేనివారు ఒక షిఫ్టు తగ్గించుకున్నారు.

గీత అవతల పల్లెలు బాగుపడ్డాయా అంటే దానికీ రెండు ముఖాలు. పటాన్‌చెరు, బొల్లారం వైపు వేలాది మందికి పని దొరికిన మాట వాస్తవం. నక్కవాగు నీళ్లు రంగు మారిన మాటా వాస్తవమే. ఆ కాలుష్యం మీద వ్యాజ్యం 1990లో సుప్రీంకోర్టు వరకు వెళ్లింది. రాయితీ యజమాని లెక్కల పుస్తకంలో పడింది, మురుగు రైతు పొలంలో పడింది.

రాష్ట్రాల మధ్య ఈ పోటీ చివరకు అందరినీ ముంచడం మొదలుపెట్టింది. పక్క రాష్ట్రం పన్ను తగ్గించిందని మనం తగ్గించడం, మనం తగ్గించామని వాళ్లు ఇంకా తగ్గించడం. ఖజానాలు ఖాళీ అయ్యాయి. 1999 నవంబరులో ఢిల్లీలో ముఖ్యమంత్రులు, ఆర్థిక మంత్రులు సమావేశమై, ఒక్కో సరుకుకు ఇంతకంటే తక్కువ పన్ను ఉండకూడదని కనీస రేట్లకు ఒప్పుకున్నారు. కొత్త పరిశ్రమలకు అమ్మకపు పన్ను రాయితీలు ఆపాలని నిర్ణయించారు. 2000 జనవరి 1 నుంచి అమలు అన్నారు. పోటీ ఆగిందనే అందరూ అనుకున్నారు.

మాత్రలు కొండ ఎక్కాయి

మూడేళ్లే గడిచాయి. 2003 జనవరిలో కేంద్రం హిమాచల్ ప్రదేశ్, ఉత్తరాంచల్ రాష్ట్రాలకు ప్రత్యేక రాయితీలు ప్రకటించింది. అక్కడ కొత్తగా పెట్టిన ఫ్యాక్టరీకి పదేళ్లపాటు ఎక్సైజు సుంకం ఉండదు. ఆదాయపు పన్ను అయిదేళ్లు పూర్తిగా మాఫీ, ఆపై అయిదేళ్లు కొంత మాఫీ. అప్పటి ఎక్సైజు సుంకం సాధారణంగా 16 శాతం. నూరు రూపాయల సరుకు మీద 16 రూపాయలు మిగులుతుంటే కొండ ఎక్కడానికి ఎవరికి బద్ధకం?

హిమాచల్‌లోని బద్ది అనే చిన్న ఊరు చూస్తుండగా మందుల ఫ్యాక్టరీల పట్టణమైపోయింది. దేశంలోని పేరున్న మందుల కంపెనీలు అక్కడ వరుస కట్టాయి. మన హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ కూడా అక్కడ ఫ్యాక్టరీ పెట్టింది. దానిని తప్పుపట్టడానికి లేదు. పోటీదారు 16 రూపాయలు మిగుల్చుకుంటుంటే చూస్తూ కూర్చున్న కంపెనీ నిలవదు.

నలిగింది చిన్నవాళ్లు. మందుల తయారీలో ‘లోన్ లైసెన్సు’ అనే పద్ధతి ఉంది. పెద్ద కంపెనీ తన మాత్రలను చిన్న ఫ్యాక్టరీలో చేయించుకుంటుంది. చిన్న ఫ్యాక్టరీకి కూలి గిడుతుంది. పెద్ద కంపెనీ బద్దికి పోగానే ఆర్డరూ దానితోపాటే పోయింది. చిన్న ఫ్యాక్టరీ మాత్రం ఇక్కడే మిగిలింది. మిషన్లను లారీకి ఎక్కించవచ్చు గాని, మాత్రలు ప్యాక్ చేసే కూలి మనిషిని రెండు వేల కిలోమీటర్ల దూరం ఎవరు ఎక్కిస్తారు?

పన్ను రాయితీ విషయంలో ఈ విలేఖరికి మొదటి నుంచి ఉన్న అనుమానం ఇదే. అది కాళ్లున్న పెట్టుబడికి మాత్రమే పనికొస్తుంది. కాళ్లు లేని షెడ్డుకు, ఇల్లూ పిల్లలూ ఉన్న పనివాడికి పనికిరాదు.

ఒక్క రాత్రిలో వచ్చిన సరిహద్దు

అన్నిటికంటే విచిత్రమైన సంగతి 2014లో జరిగింది. అంతవరకు చర్లపల్లిలో తయారైన సామాను విజయవాడ వర్తకుడికి అమ్మితే అది ఒకే రాష్ట్రంలో బేరం. యజమాని వ్యాట్ వసూలు చేస్తాడు, విజయవాడ వర్తకుడు తాను తిరిగి అమ్మేటప్పుడు ఆ మొత్తాన్ని తన పన్నులో తగ్గించుకుంటాడు. ఎవరికీ నష్టం లేదు.

2014 జూన్ 2న రాష్ట్రం రెండయింది. షెడ్డు కదలలేదు, విజయవాడ కదలలేదు. మధ్యలో గీత వచ్చింది. ఆ రోజు నుంచి అది అంతర్రాష్ట్ర అమ్మకం. దాని మీద కేంద్ర అమ్మకపు పన్ను పడుతుంది. ఒకప్పుడు 4 శాతంగా ఉన్న ఈ పన్ను 2007 ఏప్రిల్‌లో 3 శాతానికి, 2008 జూన్‌లో 2 శాతానికి తగ్గింది. రెండు శాతమే కదా అనిపిస్తుంది. చిక్కు ఏమిటంటే వ్యాట్ మాదిరి దీనిని కొన్నవాడు తగ్గించుకోవడానికి వీలులేదు. లక్ష రూపాయల సరుకు మీద 2,000 రూపాయలు ధరలో కలిసిపోతాయి. అయిదు శాతం లాభం మీద బతికే చిన్న తయారీదారుకు 2,000 అంటే లాభంలో దాదాపు సగం.

పైగా ఆ రెండు శాతం కూడా కొన్న వర్తకుడు ‘సి’ ఫారం తెచ్చి ఇస్తేనే. ఫారం రాకపోతే పూర్తి పన్ను తయారీదారు నెత్తిన పడుతుంది. సరుకు పోయి, డబ్బు వచ్చి, ఏడాది గడిచాక ఆడిట్‌లో ‘సి ఫారం ఏదీ?’ అని అడిగితే విజయవాడకు ఫోన్లు చేయడం ఆ రోజుల్లో షెడ్డు గుమాస్తాలకు నిత్యకృత్యంగా ఉండేది.

పెద్ద కంపెనీలు దీనికి ఉపాయం కనిపెట్టాయి. విజయవాడలో గోదాము అద్దెకు తీసుకుని, సరుకును అమ్మకంగా కాక తమ బ్రాంచికి బదిలీగా పంపాయి. దానికి ‘ఎఫ్’ ఫారం. ముడిసరుకు మీద కట్టిన పన్ను మినహాయింపులో కొంత కోత పడ్డా మొత్తం మీద గిట్టుబాటే. పదిమందితో నడిచే కుషాయిగూడ షెడ్డు విజయవాడలో గోదాము, గుమాస్తా, రిజిస్ట్రేషన్ ఎక్కడ పెట్టగలదు? అలాంటివారు కోస్తా బేరం వదులుకోవడమో, రెండు శాతం తామే భరించడమో చేశారు.

రోడ్డు మీద కూడా గీత గట్టిపడింది. కోదాడ దగ్గర ఇటువైపు ఒక చెక్‌పోస్టు, గరికపాడు దగ్గర అటువైపు ఒక చెక్‌పోస్టు. 2015 ఏప్రిల్ 1 నుంచి ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ ఉన్న రవాణా వాహనాలకు తెలంగాణ పన్ను వసూలు ప్రారంభించింది, తరువాత ఆంధ్రప్రదేశ్ కూడా అదే దారి పట్టింది. లారీ కిరాయి ఎవరు పెంచినా చివరకు అది సరుకు ధరలోనే చేరుతుంది. నిజాం కాలంలో సరిహద్దు దాటే సరుకు మీద కరోడ్‌గిరి కట్టించుకునేవారని తాతలు చెప్పగా విన్నాం. మళ్లీ అదే చూశాం.

జీఎస్టీ తరువాత మిగిలినవి

2017 జూలై 1న జీఎస్టీ రావడంతో ఈ కథ మలుపు తిరిగింది. చర్లపల్లి సరుకు విజయవాడ పోయినా, వరంగల్ పోయినా పన్ను ఒకటే. కొన్న వర్తకుడు మొత్తం తగ్గించుకోవచ్చు. సి ఫారం గోల పోయింది, వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేశారు. జీఎస్టీ మీద ఫిర్యాదులు ఎన్ని ఉన్నా, ఈ ఒక్క విషయంలో చిన్న షెడ్డుకు పెద్ద కంపెనీతో సమానమైన పీట దొరికింది.

కొత్త విధానంలో ఒక మెలిక ఉంది. పన్నులో రాష్ట్రం వాటా సరుకు తయారైన రాష్ట్రానికి కాక, వాడిన రాష్ట్రానికి పోతుంది. చర్లపల్లి షెడ్డు లక్ష రూపాయల సరుకు 18 శాతం పన్నుతో విజయవాడకు అమ్మితే ఆ 18,000లో రాష్ట్ర వాటా ఆంధ్రప్రదేశ్‌కు, మిగతా సగం కేంద్రానికి. తెలంగాణ ఖజానాకు ఆ అమ్మకం మీద ఏమీ లేదు. ఫ్యాక్టరీ మన దగ్గర ఉంటే ఉద్యోగాలు మనకు, పన్ను మరొకరికి అన్న మాట.

అయినా రాష్ట్రాలు పోటీ మానలేదు. ముందుగా పన్ను మాఫీ చేయడం వీలుకాదు గనుక, కట్టిన పన్నును తరువాత తిరిగి ఇస్తామంటున్నాయి. తెలంగాణ 2014 పారిశ్రామిక విధానంలో సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు అయిదేళ్లపాటు రాష్ట్ర పన్ను నూటికి నూరు శాతం, మధ్యతరహా పరిశ్రమలకు ఏడేళ్లపాటు 75 శాతం, భారీ పరిశ్రమలకు ఏడేళ్లపాటు 50 శాతం వాపసు ఇస్తామని ప్రకటించింది. చిన్నవారికే ఎక్కువ శాతం ఇవ్వడం మెచ్చుకోదగిన సంగతి. అయితే సరుకంతా పక్క రాష్ట్రాలకు అమ్మే షెడ్డుకు రాష్ట్ర పన్ను కట్టే పని ఉండదు, కట్టనిదాన్ని వాపసు అడగడమూ ఉండదు. ఇంకో మాట. ‘తరువాత ఇస్తాం’ అన్నదానిలో ఆ ‘తరువాత’ ఎప్పుడన్నదే షెడ్డు యజమాని నిద్ర చెడగొడుతుంది. బ్యాంకు కిస్తీ నెలనెలా వస్తుంది. ప్రభుత్వం వాపసు బడ్జెట్ విడుదలైనప్పుడు వస్తుంది. బకాయిల కోసం పెద్ద కంపెనీ ఓపిక పట్టగలదు. చిన్నవాడు పట్టలేడు.

జీఎస్టీ గొడుగు కిందికి రానివి కొన్ని ఉన్నాయి. పెట్రోలు, డీజిలు వాటిలో ముఖ్యం. చమురు కంపెనీల పెద్ద ట్యాంకులు మన చర్లపల్లిలోనే ఉన్నాయి. అయినా పక్కనున్న షెడ్డు జనరేటర్‌కు డీజిలు చౌకగా రాదు, ధరలో పెద్ద భాగం పన్నే గనుక. ఆ పన్ను ఏ ఖాతాలోనూ తగ్గించుకోవడానికి వీలులేదు. 2021 నవంబరులో కేంద్రం పెట్రోలు మీద 5 రూపాయలు, డీజిలు మీద 10 రూపాయలు సుంకం తగ్గించినప్పుడు కర్ణాటక తన పన్ను కూడా 7 రూపాయల మేర తగ్గించింది. మన రెండు తెలుగు రాష్ట్రాలూ తగ్గించలేదు. దూరం పోయే లారీ డ్రైవర్ ఆ రోజుల్లో ట్యాంకు ఎక్కడ నింపుకున్నాడో సరిహద్దు బంకుల వారిని అడిగితే చెబుతారు. గోదావరి జిల్లాల వారికి ఇది కొత్త కాదు. పుదుచ్చేరి పాలనలో ఉన్న యానాం వారి పక్కనే ఉంది.

మన కిరాణా కొట్టుకు, చిన్న షెడ్డుకు సంబంధించి ఎవరూ పెద్దగా పట్టించుకోని తేడా మరొకటి. సరుకు అమ్మేవారికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితిని 2019 ఏప్రిల్ 1 నుంచి 20 లక్షల టర్నోవరు నుంచి 40 లక్షలకు పెంచారు. పెంచుకోవడం, మానుకోవడం రాష్ట్రాల ఇష్టానికి వదిలారు. ఆంధ్రప్రదేశ్ పెంచుకుంది. తెలంగాణ అప్పుడు 20 లక్షల దగ్గరే ఉండిపోయింది. ఆ లెక్కన ఏటా 30 లక్షల బేరం చేసే వర్తకుడు జగ్గయ్యపేటలో ఉంటే, సొంత రాష్ట్రంలోనే అమ్ముకుంటున్నంత కాలం రిజిస్ట్రేషన్ అక్కరలేదు. అదే వర్తకుడు కోదాడలో ఉంటే నంబరు తీసుకుని, రిటర్నులు వేసి, అకౌంటెంటుకు ఫీజు ఇచ్చుకోవాలి. ఇది ఖజానాకు తెచ్చే సొమ్ము ఎంతో గాని, చిన్నవాడికి పెట్టే తలనొప్పి చాలా.

ఇప్పుడు స్థలం వంతు

పన్నుల గీతలు కాస్త పలచబడిన వేళ కుషాయిగూడ, చర్లపల్లి వాడలకు కొత్త ప్రశ్న వచ్చింది. అవుటర్ రింగ్ రోడ్డు లోపలి పారిశ్రామిక వాడల స్థలాలను ఇళ్లు, ఆఫీసులు వంటి ఇతర అవసరాలకు మార్చుకునేందుకు రుసుము కట్టించుకుని అనుమతిచ్చే విధానాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2025 నవంబరులో తెచ్చింది. ఇళ్ల మధ్య నుంచి కాలుష్యం పోతుందని ప్రభుత్వం అంటుంటే, పరిశ్రమల కోసం ఇచ్చిన భూములు రియల్ ఎస్టేట్ పాలవుతాయని ప్రతిపక్షాలు విమర్శించాయి. ఆ తగవు సంగతి ఎలా ఉన్నా, షెడ్డు యజమాని లెక్క తేలికగా అర్థమవుతుంది. ఏడాదంతా లేత్ తిప్పితే వచ్చే లాభం ఒకవైపు, షెడ్డు కింది నేల ధర మరోవైపు. సైనిక్‌పురిలో గజం ధర తెలిసినవారెవరూ ఈ లెక్క కోసం కాగితం, పెన్సిలు అడగరు.

పోయేవారు అవుటర్ రింగ్ రోడ్డు అవతలికి పోవచ్చు, అక్కడ కొత్త పరిశ్రమగా మళ్లీ పన్ను వాపసు అడగవచ్చు. కొందరు స్థలం అమ్మి పరిశ్రమే మానుకోవచ్చు. శామీర్‌పేట, కీసర దాటి కొత్త వాడలు వస్తే ఆ పల్లెల వారికి పని ఇంటి దగ్గరకే వచ్చినట్లు. కానీ ఇ.సి.ఐ.ఎల్. చుట్టూ ఇల్లు అద్దెకు తీసుకుని, పిల్లలను ఇక్కడి బడిలో వేసిన పనివాడి సంగతి వేరు. నక్కవాగు చూసిన రైతులు కొత్త వాడ పేరు వినగానే మొదట నీళ్ల గురించే అడుగుతారు.

మన గ్రామాలలో ఐటిఐ చదివి సొంతంగా చిన్న షెడ్డు పెట్టాలనుకుంటున్న కుర్రవాళ్లు కొందరు ఉన్నారు. అటువంటివారు స్థలానికి అడ్వాన్సు ఇచ్చే ముందు జిల్లా పరిశ్రమల కేంద్రానికి ఒకసారి వెళ్లి, తమ తరహా పరిశ్రమకు ఏ రాయితీ వర్తిస్తుందో, ఉత్పత్తి మొదలైన ఎంతకాలం లోపల దరఖాస్తు పెట్టాలో, అంతకుముందు పెట్టినవారికి వాపసు ఎన్నాళ్లకు చేతికి వచ్చిందో అడిగి తెలుసుకోవాలి. బ్యాంకు అప్పు కిస్తీ లెక్క వేసేటప్పుడు ఆ వాపసు సొమ్మును ఆదాయం కింద రాసుకోకూడదు. సరుకు ఎక్కువగా పక్క రాష్ట్రానికి అమ్మేవారైతే ఆ రాయితీ తమకు ఏ మేరకు వస్తుందో ఆడిటర్‌ను ముందే అడగాలి, టర్నోవరు 20 లక్షల లోపే ఉన్నా అంతర్రాష్ట్ర అమ్మకానికి జీఎస్టీ నంబరు తీసుకోక తప్పదన్నది కూడా గుర్తుంచుకోవాలి.